ఎర్రది చెంచమ్మకు, తెల్లది మస్తానయ్యకు

కారం మానమని చెప్పి చెంచమ్మ దగ్గర గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు. ఆ మధ్యాహ్నం కోడలు రోజారమణి అత్త కంచంలో మజ్జిగన్నం పెట్టి, చేపల పులుసు గిన్నెను పొయ్యి వెనక్కు జరిపింది. చెంచమ్మ గోడ పట్టుకుని లేచింది. గిన్నె తెచ్చి పక్కన పెట్టుకుంది. మామిడికాయ ముక్కతో సహా రెండు గరిటెలు ఒంపుకుంది.

“కడుపులో మంట అని పొర్లాడతావు, లేస్తే మళ్లీ ఇదే పులుసు. చెప్తే యినవా అత్తా?” అంది రోజారమణి.

“బుద్ధి తెలిసినకాడ్నించి తింటా ఉండా. అప్పుడు మండంది ఇప్పుడెందుకు మండతాది? ముందా మాట చెప్పు, తర్వాత మానతా.”

ఆ ప్రశ్నకు జవాబు నిజానికి ఎవరి దగ్గరా లేదు, తీర్పు మాత్రం అందరి దగ్గరా ఉంది. కోపిష్టి మనిషికి కడుపు మండక ఏమవుతుంది అన్నారు పక్కింటివాళ్లు. వేళకు తినదు, అందుకే అన్నారు ఎదురింటివాళ్లు. ఒంట్లో ఏది బాగాలేకపోయినా ముందు ఆ మనిషి నాలుక మీదో, నోటి మీదో నేరం మోపడం మనవాళ్లకు సరదా. చెంచమ్మకు ఆ రెండూ కాస్త ఎక్కువే కాబట్టి పని ఇంకా తేలికైంది. వాళ్లందరి మీదా పంతంతోనే ఆమె ఆ పులుసు ఊడ్చి తినేసింది. ఆ తర్వాత రెండు చేతులతో పొట్ట అదుముకుని కూర్చుంది. కానీ ఎవరూ చూడకుండా.

చెంచమ్మది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పం, చేపలు పట్టేవాళ్ల పల్లె. మొగుడు మస్తానయ్య చిన్న పడవ మీద వెళ్లి సరస్సులో వల వేస్తాడు. అతను తెచ్చిన చేపలూ రొయ్యలూ గంపకెత్తుకుని ఆమె షేర్ ఆటోలో సూళ్లూరుపేటలో దిగుతుంది. అక్కడినుంచి నడకే. రైల్వే స్టేషన్‌కు ఇవతల మూడు వీధులు ఆమెవి. ఆమెవి అంటే పట్టా ఏమీ లేదు. గంప ఎత్తుకుని తిరిగే ఆడవాళ్లలో ఒక కట్టుబాటుంది. ఎవరి వీధులు వాళ్లవి, ఒకరి వీధిలో ఇంకొకరు కేక వేయరు. అయితే గంప దించి కూలబడిన మనిషికి ఆ వీధుల మీద హక్కు పోతుంది. నడవలేకపోతే మార్కెట్లో చోటు చూసుకోవాలి. మార్కెట్లో చోట్లు ఎప్పుడో పంచుకున్నారు, జానెడు కూడా మిగల్లేదు. అంటే నడక ఆగిన రోజు ఇంటికి పోవడమే.

మోకాళ్లు మొదటిసారి పట్టేసినప్పుడు ఆమె భయపడింది ఇందుకే. ఆమె భయం ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే భయమేస్తే ఆమె అరుస్తుంది. అరుచుకుంటూనే హజరత్తయ్య మందుల షాపుకు వెళ్లింది. కుప్పం నుంచి రోడ్డెక్కే మలుపులో ఉంటుంది ఆ షాపు. హజరత్తయ్య చెడ్డవాడు కాదు, కాకపోతే తొందర మనిషి. ఎవరు ఏ నొప్పి చెప్పినా దానికి తగ్గ మాత్రలు చిన్న కాగితం పొట్లంలో కట్టి ఇస్తాడు. దాన్ని అక్కడ సెట్టు అంటారు. మోకాలి సెట్టులో ఒక ఎర్ర మాత్ర, ఒక తెల్ల మాత్ర.

“ఎర్రది నొప్పికి, తెల్లది గ్యాసుకి. రెండూ యేసుకోవాల చెంచమ్మక్కా,” అన్నాడు. నొప్పికి మందడిగితే గ్యాసుకు కూడా ఎందుకిచ్చాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

చెంచమ్మకు గ్యాసు లేదు. మస్తానయ్యకు ఉంది. ఆకలి వేసినప్పుడల్లా అతనికి రొమ్ము కింద కొరికినట్టు నొప్పి పుట్టేది, ఏదైనా తింటే కాసేపు ఊరుకునేది. ఆమె ఇంటికొచ్చి పొట్లం విప్పి పంచింది. ఎర్రది తనకు, తెల్లది మొగుడికి. పడవకు వచ్చిన చేపను పాళ్లు వేసుకుని బతికే మనుషులు, మాత్రలు పాళ్లు వేసుకోవడంలో వాళ్లకేమీ తప్పు తోచలేదు. పైగా ఇద్దరికీ భేషుగ్గా పనిచేశాయి. ఆమె మోకాళ్లు లేచి నడిచాయి. అతని నొప్పి మాయమైంది. మానేస్తే మళ్లీ వచ్చేది, మళ్లీ సెట్టు తెచ్చుకునేవాళ్లు. అలా ఏళ్లు గడిచాయి. తన మందులో సగం మొగుడి అరచేతిలో పెట్టి, నీళ్లు అందించి, అతను మింగేదాకా నిలబడేది చెంచమ్మ. వాళ్ల మధ్య ముద్దుమాటలు ఎప్పుడూ లేవు. ఉన్న ప్రేమంతా ఆ తెల్ల మాత్రలోనే ఉంది.

తర్వాత కడుపులో మంట మొదలైంది. ఆ పైన దొడ్డికి తారులా నల్లగా రావడం మొదలైంది. ఉప్పు తక్కువైనా ఊరంతా వినబడేలా అరిచే మనిషి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారని ఆమెకు తెలుసు. మెట్లెక్కితే ఆయాసం, ఎండలో కళ్లు తిరగడం, అన్నీ దాచింది. దాచి దాచి ఒకనాడు ముంతాజ్ బేగం గారి గేటు ముందు గంపతో సహా కూలిపోయింది.

ముంతాజ్ బేగం ఆమెకు పాత బేరం. బేగం కూతురు సాహిరా డాక్టరు, అదే వీధి చివర క్లినిక్ నడుపుతుంది. తల్లి కేకలకు సాహిరా పరుగున వచ్చి, చెంచమ్మ కింది రెప్ప లాగి చూసింది. పాలిపోయి తెల్లగా ఉంది.

“దొడ్డికి నల్లగా వస్తోందా చెంచమ్మక్కా?” అని చెవి దగ్గర అడిగింది.

“నా చేపలెవురన్నా తియ్యండి, ఎండకి పోతాయి,” అంది చెంచమ్మ. అంతకు మించి అడగకుండానే సాహిరాకు జవాబు దొరికింది. వెంటనే కారులో నెల్లూరు పంపించింది.

నెల్లూరులో రక్తం ఎక్కించారు. నోట్లోంచి గొట్టం దించి చూశారు. కడుపు గోడకు పుండు పడింది, అందులోంచి రక్తం కారుతోంది. రక్తం ఆగాక, కాస్త తేరుకున్నాక, ఆ రిపోర్టులు పట్టుకుని ఆమె సాహిరా క్లినిక్‌కు వచ్చింది. వెంట మొగుడు, కోడలు ఉన్నారు. కోడలు లోపలికి అడుగు పెడుతూనే మొదలుపెట్టింది.

“కారం వల్లే గదా మేడం? మీరన్నా చెప్పండి మా అత్తకి.”

“కారం పుండు చెయ్యదమ్మా,” అంది సాహిరా రిపోర్టు చూస్తూనే. “ఉన్న పుండు మీద పడితే మండుతుంది, అంతే. మానేదాకా కాస్త తగ్గించుకుంటే సుఖం. కోపం వల్లా రాదు.”

చెంచమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. “ఇంకోసారి చెప్పు డాక్టరమ్మా, గట్టిగా. వాకిలి అవతలికి కూడా యినబడాల.”

సాహిరా నవ్వలేదు. “కడుపులో పుళ్లకి ఎక్కువగా కారణాలు రెండు. ఒకటి, కంటికి కనపడని ఒక పురుగు. నీ కడుపులోంచి చిన్న ముక్క తీసి చూశారు, నీకది లేదు. రెండోది నొప్పి మాత్రలు. ఏం వేసుకుంటున్నావు?”

చెంచమ్మ చెంగు ముడి విప్పి ఎర్ర మాత్రను బల్ల మీద పెట్టింది.

“రోజూనా?”

“నడిచిన రోజు.”

“నడవని రోజు ఎప్పుడు?”

“లేదు.”

సాహిరా కుర్చీ ముందుకు జరుపుకుంది. “చేపని పట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది కదా అక్కా. నీ కడుపు లోపల కూడా అట్లాంటి జిగురు పొర ఉంటుంది. అన్నం అరగడానికి కడుపు ఆసిడ్ పోస్తుంది. ఆ ఆసిడ్ కడుపునే తినకుండా ఈ పొర కాపలా కాస్తుంది. ఈ ఎర్రది నొప్పిని తగ్గిస్తుంది, దాంతోపాటే ఆ పొర ఊరకుండా చేస్తుంది. కాపలా లేని చోట ఆసిడ్ గోడని తినేసింది.”

“అయితే ఇంజక్షను యేయించుకుంటా. అది కడుపులోకి పోదు గదా.”

“రక్తంలో కలిసి అదే పని చేస్తుంది. ఎక్కడినుంచి ఎక్కించినా కడుపుకి తప్పదు.”

చెంచమ్మకు ఓడిపోవడం అలవాటు లేదు. నెల్లూరులో రాసిచ్చిన తెల్ల మాత్రలు చూపించింది. “మరి ఇదెందుకు? ఇది కూడా పుండుకి పూత మందేనా? మా కోడలు గులాబి రంగు సీసా తాపిచ్చింది. తాగినంతసేపు బో చల్లగా ఉండె, గంటకల్లా మళ్లీ మంటే.”

“ఆ సీసా మందు అప్పటికే కడుపు పోసిన ఆసిడ్‌ని చల్లారుస్తుంది, పోయడాన్ని ఆపదు. ఈ తెల్లది ఆపుతుంది. కడుపు గోడలో ఆసిడ్ తోడే చిన్న చిన్న మోటార్లున్నాయనుకో. నువ్వు తినడం మొదలుపెట్టగానే అవి తోడతాయి. అవి మొదలయ్యే వేళకి ఈ మందు వాటి దగ్గరికి చేరి ఉండాలి. అందుకే పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. ఇది పూత కాదక్కా. ఆసిడ్ తగ్గితే పుండు తనంతట తనే మానుతుంది, ఇది మానడానికి తీరిక ఇస్తుంది. కానీ నువ్వు ఎర్రది వేసుకుంటూ ఉంటే అది ఇటు పూడుతుంటే నువ్వు అటు తవ్వుతున్నట్టు.” అని ఆగి, బల్ల మీది ఎర్ర మాత్ర వైపు చూసింది. “ఇంతకీ దీంతోపాటు తెల్లది ఇవ్వలేదా షాపులో? మామూలుగా ఇస్తారే.”

“ఇచ్చినాడు.”

“మరి ఏం చేశావు?”

చెంచమ్మ విప్పిన చెంగును మళ్లీ ముడి వేసుకుంది. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు.

“నేను తిన్నా మేడం,” అన్నాడు. “ఆమె కడుపుని కాచే మందు నేను తినేసినా.” ఆ మాట అనడానికి ఆ పెద్దమనిషికి ప్రాణం పోయినంత పనైంది. తల పైకెత్తలేకపోయాడు.

“ఇస్తే తిన్నాడు,” చెంచమ్మ గొంతు గది దాటింది. “దొంగిలించినాడా? నేనే నీళ్లిచ్చి మింగించినా. ఆయన్నొక్క మాట అన్నారంటే ఊరుకోను!”

అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్ల మీద కూడా ఆమెకు కోపమే వచ్చి, చెంగుతో గట్టిగా రుద్దేసుకుంది.

సాహిరా అతని వైపు తిరిగింది. “తెల్లది మానేస్తే నీకు నొప్పి మళ్లీ వస్తుందా మస్తానన్నా? ఇన్నేళ్లూ అంతేనా?” అతను తలూపాడు. “అయితే నీది వేరే కథ. నీకు పురుగు ఉండొచ్చు. అది ఆ జిగురు కిందే కాపురం ఉంటుంది. తెల్లది ఆసిడ్ ఆపుతుంది, పుండు మానుతుంది. పురుగు మాత్రం చావదు. మందు ఆపగానే మళ్లీ మొదలు. ఇద్దరికీ ఒకే మంట, ఒకే తెల్ల మాత్ర. కానీ ఆమె ఎర్రది మానాలి, నువ్వు పురుగుని చంపాలి. అది తేలాలంటే పరీక్ష చెయ్యాలి. పరీక్షకి ముందు రెండు వారాలు తెల్లది ఆపాలి. లేకపోతే పురుగు దాక్కుంటుంది, ఉన్నా లేదని వస్తుంది.”

లేవబోతూ చెంచమ్మ ఆఖరి బేరం ఆడింది. “తెల్లది తోడు పెట్టుకుని ఎర్రది యేసుకుంటే?”

“అట్లా వేసుకునేవాళ్లున్నారు. తప్పనప్పుడు మేమే రాస్తాం,” అంది సాహిరా, అబద్ధం చెప్పకుండా. “నీకు మాత్రం వద్దు. ఒకసారి రక్తం కారిన కడుపు నీది. ఇంకోసారి కారితే నువ్వు నెల్లూరు చేరతావో లేదో నేను చెప్పలేను.”

ఆ రెండు వారాలు మస్తానయ్య పడిన పాట్లు పగవాడికి వద్దు. నొప్పికి ఓర్చుకోలేక పొద్దుగూకులూ ఏదో ఒకటి నములుతూనే ఉన్నాడు. పరీక్షలో పురుగు ఉందని తేలింది. తెల్ల మాత్రతోపాటు పురుగును చంపే మందులు రెండు రకాలు, రెండు వారాలకు రాసిచ్చింది సాహిరా. మూడు రోజులకే అతనికి హాయిగా అనిపించింది. మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? మిగిలిన మాత్రలు దాచిపెడదాం, ఎవరికైనా పనికొస్తాయి అన్నాడు.

“సగం చచ్చి సగం బతికిన పురుగు ఇంక మందుకి లొంగదంట,” అంది చెంచమ్మ అతని ముందు నిలబడి. “ఈ ఇంట్లో ఇంక మందు పాళ్లు లేవు. నీది నువ్వే తినాల, ఆఖరుదాకా తినాల. నోరు తెరువు.” అతను తెరిచాడు.

మొగుడి నోరు తెరిపించడం తేలికే. తన మోకాళ్ల నోరు మూయించడమే కష్టమైంది. ఎర్రది లేని మోకాళ్లు ఎలా ఉంటాయో ఆమె మరిచిపోయి చాలా కాలమైంది. సాహిరా ఇచ్చిన పూత మందు రాసింది, కాళ్లు చాచి లేపే కసరత్తు చేసింది, కడుపు జోలికి పోని వేరే నొప్పి మాత్ర వేసుకుంది. అవన్నీ కలిసి ఆమెను ఆటో దిగినచోటు నుంచి వీధి మొదలు దాకా నడిపించాయి. మూడు వీధులు తిప్పలేకపోయాయి. మొదటి వీధి సగంలోనే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అటు పక్క వీధుల్లో గంపలెత్తే ఆడవాళ్లు ఆ సంగతి గమనించారని ఆమెకు వెంటనే తెలిసింది.

“ఇంక ఇంటి పట్టున ఉండత్తా. చేసింది చాలు,” అంది రోజారమణి. ఈసారి దెప్పుతూ కాదు, ప్రేమగానే అంది. ప్రేమగా అనడం వల్ల చెంచమ్మకు ఇంకా మండింది. ఇంట్లో కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరి మీద అరవాలి? ఎవరితో బేరమాడాలి? అదొక బతుకా?

నేరుగా హజరత్తయ్య షాపుకు వెళ్లింది. ఆమె అడగకముందే అతని చెయ్యి అలవాటుగా ఎర్ర మాత్రల డబ్బా మీదికి పోయింది. ఆమె కూడా ఆ డబ్బా వైపే చూసింది. ఒక్కటి వేసుకుంటే గంటలో మూడు వీధులూ తిరిగి రావచ్చు. ఆమె నోట్లో నీళ్లూరాయి, అబద్ధమెందుకు.

“తియ్యి చెయ్యి!” అని అరిచింది. “నేనడిగినా ఇయ్యబాక. ఏడ్చి అడిగినా ఇయ్యబాక. ఇంకోటి యిను హజరత్తన్నా. ఎవురికన్నా ఇచ్చేటప్పుడు తెల్లది ఎందుకో నోరు తెరిచి చెప్పు. గ్యాసుకని చెప్పబాక. ఎర్రది కడుపుని తింటాది, తెల్లది కాస్తాది, ఎవురికీ పెట్టబాకండి అని చెప్పు. ఆ ఒక్క మాటకి నీ నోరేమన్నా అరిగిపోతాదా?”

హజరత్తయ్య డబ్బా మూత బిగించి లోపలికి నెట్టాడు. తర్వాత తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ ఆమె ఆ షాపు ముందు నుంచే పోతుంది కదా, చెప్పక చస్తాడా.

మర్నాడు చెంచమ్మ గంప ఎత్తుకుని సూళ్లూరుపేటలో దిగింది. తన మూడు వీధులూ కలిసే చోట ఆండ్రూ అనే అతని జెరాక్స్ షాపుంది. దాని పక్కన వేపచెట్టు నీడ పడే చోట గోనెపట్ట పరిచి, గంప దించి, కూర్చుంది. తన అత్తగాని, అమ్మగాని, తనకు తెలిసిన ఏ ఆడమనిషిగాని వీధిలో గంప దించి కూర్చోలేదు. కూర్చుంటే వీధులు పోయినట్టే. పక్క వీధుల గంపలావిడ అటుగా వస్తూ ఆగి, ఆశగా చూసింది.

“చూడబాక,” అంది చెంచమ్మ. “కాళ్లు ఆగినాయి, గొంతు ఆగలా. నా గొంతు యినబడినంత దూరం నా వీధులే. ఇది కొత్త కట్టుబాటు, ఇయ్యాల్టి నించి.”

ఆమె గొంతెత్తి కేక వేసింది. పండుగప్ప, రొయ్యలు, పీతలు అని మూడు వైపులకూ మూడుసార్లు వేసింది. ఎవరూ రాలేదు. ఆ గొంతు విన్నవాళ్లంతా ఎప్పట్లా గేటు దగ్గరికి వస్తుందని గిన్నెలు పట్టుకుని వాకిళ్లలోనే నిలబడ్డారు. చేపల మీద నీళ్లు చల్లింది. మళ్లీ పిలిచింది. ఎండ గంప అంచు దాకా వచ్చింది. ఇంక లేవాల్సిందేనా అనిపించింది. అలా అనిపించినందుకు తనను తాను ఒక తిట్టు తిట్టుకుని, ఈసారి చేపల పేర్లు కాదు, మనుషుల పేర్లే పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

“ముంతాజమ్మా! ఇన్నేళ్లు నేనొచ్చినా నీ గేటుకాడికి. ఇయ్యాల నువ్వు రా! రొయ్యలు బతికుండాయి, నేనూ బతికుండా!”

ముంతాజ్ బేగం చేపల కోసం గేటు దాటిన మనిషి కాదు. ఆమె తల మీద కొంగు సర్దుకుంటూ, గిన్నె చేతపట్టుకుని, వీధి పొడవునా నడిచి వచ్చింది. ఆమె వెనక ఎదురింటావిడ, ఆ వెనక ఇంకొకరు వచ్చారు. గంప చుట్టూ చేతులు ముసిరాయి. చెంచమ్మ ఒకరికి తూకం వేస్తూ, ఇంకొకరిని తిడుతూ, మొప్పలెత్తి చూసేవాళ్ల చేతుల మీద కొడుతూ, ఊపిరి తిరగకుండా బేరమాడింది.

అప్పుడు ఆండ్రూ షాపులోంచి బయటికి వచ్చాడు. “ఏందక్కా ఇది? వాసనకి నా షాపులోకి ఎవురూ రారు. లే, లేచి మార్కెట్‌కి పో.”

“లేవను.”

“మనుషుల్ని పిలిచి లేపిస్తా.”

“పిలువు,” అంది చెంచమ్మ రొయ్యలు తూస్తూనే. “ఈ మోకాళ్లతో నన్ను లేపాలంటే నలుగురన్నా కావాల. నలుగుర్నీ సంచులు తెచ్చుకోమని చెప్పు. వాళ్లకీ చేపలు అమ్మతా.”